పైగేమ్‌లో పులి-మేక: క్లిక్ ఎక్కడ తప్పిపోతోంది

ముందుగా మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు చెప్తాను. పైథాన్‌లో ఆటలు రాయడానికి వాడే లైబ్రరీ పైగేమ్‌తో పులి-మేక ఆట రాస్తున్నారు. 3 పులులు, 15 మేకలు, 23 బిందువుల బోర్డు. మేకను పెట్టడానికి నొక్కితే ఒక్కోసారి పడుతోంది, ఒక్కోసారి పడట్లేదు. పులిని నొక్కితే దాని చుట్టూ పసుపు గీత వచ్చి వెంటనే పోతోంది, రెండు మూడుసార్లు నొక్కితే గానీ నిలవట్లేదు. విండో పెద్దది చేశాక ఒకచోట నొక్కితే ఇంకోచోట మేక పడుతోంది. మౌస్ మార్చి చూశానని, పైగేమ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశానని కూడా రాశారు.

మౌస్ బాగానే ఉందండి. పైగేమ్ కూడా బాగానే ఉంది. మీరు పెట్టిన కోడ్ మొత్తం చదివి నా దగ్గర నడిపి చూశాను. అందులో ఒక తప్పు కాదు, విడివిడిగా కొన్ని ఉన్నాయి. ఒకటి ఇంకోదాన్ని కప్పేస్తోంది. మీరు ఒకదాన్ని సరిచేసినా ఏమీ మారనట్టు అనిపించింది అందుకే.

క్లిక్ అంటే మనకు ఒకటే పని. ప్రోగ్రామ్‌లో మాత్రం అది నాలుగు చోట్ల దాటి రావాలి. ఈవెంట్, అంటే నొక్కగానే పైగేమ్ పంపే కబురు, మీ లూప్‌కి చేరాలి. అందులో ఉన్న చోటు విండో కొలతల నుంచి బోర్డు కొలతల్లోకి మారాలి. ఆ చోటు ఏ బిందువుకి చెందుతుందో, లేదా దేనికీ చెందదో తేలాలి. చివరికి ఆ బిందువుతో ఏం చేయాలో ఆట స్థితి చెప్పాలి. "క్లిక్ పనిచేయట్లేదు" అన్నప్పుడు అందరూ మొదటి చోటే వెతుకుతారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా నాలుగోచోట దొరుకుతుంది. కాబట్టి కోడ్‌లో ఏదీ మార్చకుండా ముందు ఈ నాలుగు చోట్లా ఒక్కో ప్రింట్ పెట్టండి, ఫ్రేమ్ నంబర్‌తో సహా (లూప్ ఒక చుట్టు తిరిగి తెరను ఒకసారి గీస్తే ఒక ఫ్రేమ్). ఫ్రేమ్ నంబర్ తప్పనిసరి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. ఒకసారి నొక్కి, వచ్చిన వరసలు చదవండి. ఏ వరస దగ్గర నిజం ఆగిపోయిందో తప్పు అక్కడే ఉంది.

ఇక మొదటి సమస్య, మేక ఒక్కోసారి పడకపోవడం. మీ ప్రధాన లూప్‌లో "ఈవెంట్.గెట్" పిలిచి, విండో మూసే క్విట్ ఈవెంట్ వచ్చిందా అని చూస్తున్నారు. బోర్డు గీస్తున్నారు. ఆ తర్వాత మేకల వంతు చూసే ఫంక్షన్‌లోకి వెళ్లి అక్కడ మళ్లీ "ఈవెంట్.గెట్" పిలిచి క్లిక్ కోసం వెతుకుతున్నారు. ఆ పిలుపు ఈవెంట్లను చూపించి ఊరుకోదు, క్యూలోంచి తీసేస్తుంది. ఉత్తరాల డబ్బా లాంటిది: ముందు తాళం తీసినవాళ్లు అన్నీ పట్టుకెళ్తే తర్వాత వచ్చినవాళ్లకి ఖాళీ డబ్బానే మిగులుతుంది. మొదటి లూప్‌కి క్విట్ తప్ప మరేదీ అక్కర్లేదు కాబట్టి మీ క్లిక్‌ని తీసి పారేస్తోంది.

అలాంటప్పుడు అసలు ఏ క్లిక్కూ పనిచేయకూడదు కదా అని మీకు అనుమానం రావచ్చు. రెండు పిలుపుల మధ్య మీరు బోర్డు గీస్తున్నారు. ఆ గీసే కొద్ది మిల్లీసెకన్లలో వేలు పడితే ఆ క్లిక్ రెండో పిలుపుకి చిక్కుతుంది, లేకపోతే మొదటిది మింగేస్తుంది. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక ఫ్రేమ్‌కి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. అందులో గీయడానికి ఎంత పడితే మీ అదృష్టం అంత. నిన్న బాగా పనిచేసి ఇవాళ మొరాయించడానికి కారణం కూడా ఇదే. బోర్డు వెనక బొమ్మ తీసేశానని రాశారు కదా, దాంతో గీసే సమయం తగ్గింది, క్లిక్ దొరికే అవకాశమూ తగ్గింది. మధ్యలో ప్రింట్లు ఎక్కువ పెడితే సమస్య తగ్గినట్టు కనిపిస్తుంది, దానికి మోసపోకండి.

దీనికి సరైన మార్గం ఒక్కటే. ప్రోగ్రామ్ మొత్తంలో "ఈవెంట్.గెట్" ఒకేచోట ఉండాలి. అక్కడ తీసిన ఈవెంట్లను కావలసిన ఫంక్షన్లకి ఆర్గ్యుమెంట్‌గా పంపండి. మొదటి పిలుపుకి క్విట్ రకం మాత్రమే ఇచ్చి మిగతావి క్యూలోనే వదిలేయొచ్చని కొందరు సలహా ఇస్తారు. అది నడుస్తుంది. కానీ ఎవరూ తీయని మౌస్ కదలికలు క్యూలో పేరుకుపోతూ, ఒక దశలో అది నిండి కొత్త ఈవెంట్లు పోవడం మొదలవుతుంది. పెద్ద ఆటలో ఆ తప్పు పట్టుకోవడం చాలా కష్టం. నేనైతే ఆ దారి వద్దంటాను.

రెండో సమస్యకి నేను ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే బోర్డు ఆటలు రాసేవాళ్లు చాలామంది ఇక్కడే పడతారు. పులి వంతులో మీరు ఈవెంట్లు చూడట్లేదు. "మౌస్.గెట్_ప్రెస్డ్" వాడుతున్నారు. బటన్ ఈ క్షణాన కిందికి నొక్కి ఉందా లేదా, అది చెప్పేది అంతే. ఎప్పుడు నొక్కారు, ఎన్నిసార్లు నొక్కారు అనే సంగతి దానికి తెలియదు. మనిషి మామూలుగా నొక్కితే బటన్ దాదాపు 100 మిల్లీసెకన్లు కిందే ఉంటుంది. అంటే ఆరు ఫ్రేములు. మీకు ఒక్క క్లిక్, మీ కోడ్‌కి ఆరు క్లిక్‌లు. నేను 4వ బిందువు మీద ఉన్న పులిని ఒకే ఒక్కసారి నొక్కితే వచ్చిన వరసలు ఇవి:

ఫ్రేమ్ 812: పులి 4 ఎంపిక
ఫ్రేమ్ 813: అదే పులి, ఎంపిక రద్దు
ఫ్రేమ్ 814: పులి 4 ఎంపిక
ఫ్రేమ్ 815: అదే పులి, ఎంపిక రద్దు
ఫ్రేమ్ 816: పులి 4 ఎంపిక
ఫ్రేమ్ 817: అదే పులి, ఎంపిక రద్దు

పసుపు గీత మినుకుమనడానికి కారణం ఇదే. వేలు సరి సంఖ్య ఫ్రేములు ఉంటే పులి వదిలేసినట్టే, బేసి సంఖ్య ఉంటే ఎంపిక నిలిచినట్టు. మీరు మూడోసారి నొక్కితే పనిచేసిందంటే అప్పుడు లెక్క బేసికి వచ్చిందన్నమాట. ప్రింట్‌లో ఫ్రేమ్ నంబర్ పెట్టమన్నది ఇందుకే. అది లేకపోతే ఆ ఆరు వరసలు ఆరు వేరువేరు క్లిక్‌లని అనుకుంటాం.

"గెట్_ప్రెస్డ్" మంచిదే, కానీ బటన్ పట్టుకుని గీతలు గీసే పెయింట్ ప్రోగ్రామ్ లాంటి వాటికి. వంతుల వారీగా ఆడే ఆటకి మౌస్‌బటన్‌డౌన్ ఈవెంటే సరైనది. బటన్ ఎంతసేపు పట్టుకున్నా అది ఒక్కసారే వస్తుంది. కొందరు "గెట్_ప్రెస్డ్" ఉంచేసి పక్కన 200 మిల్లీసెకన్ల నిద్ర పెడతారు. ఆ నిద్రలో ఆట మొత్తం ఆగిపోతుంది, పైగా నెమ్మదిగా నొక్కేవాళ్ల దగ్గర తప్పు మళ్లీ బయటపడుతుంది. దయచేసి అలా చేయకండి.

ఈవెంట్‌కి మార్చాక మీకు ఇంకో ఆశ్చర్యం ఎదురవుతుంది: ఈసారి పులి అసలు ఎంపికే కాదు. భయపడకండి, అది ఇన్నాళ్లూ దాక్కున్న తప్పు. మేకలు కదిపే ఫంక్షన్‌లోంచి కాపీ చేసి, పులి వంతుకి ఈవెంట్‌తో రాసిన కొత్త వెర్షన్‌ని మీ కోడ్ కిందే పెట్టారు కదా, అందులో రెండు షరతులు వరసగా ఉన్నాయి. మొదటి ఇఫ్: ఎంచిన పులి లేకపోతే, నొక్కిన పులిని ఎంచు. దాని కింద ఇంకో ఇఫ్: ఎంచిన పులి ఉంటే, నొక్కిన చోటికి కదుపు, కుదరకపోతే ఎంపిక తీసెయ్. మొదటి ఇఫ్ పూర్తయ్యేసరికి ఎంచిన పులి ఉంది. కాబట్టి అదే క్లిక్‌తో రెండో ఇఫ్ కూడా నిజమవుతుంది. పులిని అది ఉన్న చోటికే కదపబోయి, చెల్లదని ఎంపిక తీసేస్తుంది. ఇదంతా ఒకే ఫ్రేమ్‌లో అయిపోతుంది కాబట్టి తెర మీద ఏమీ కనిపించదు. రెండోదాన్ని ఎలిఫ్ (మొదటి షరతు నిజం కానప్పుడే చూసేది) చేస్తే సరిపోతుంది. ఒక క్లిక్ ఒక నిర్ణయం మాత్రమే తీసుకోవాలి. ఆ నిర్ణయం కాగానే ఫంక్షన్‌లోంచి రిటర్న్ అయిపోవడం ఇంకా మంచి అలవాటు.

ఇక చోటు తప్పడం. ఇక్కడ ఒక చిట్కా చెప్తాను, చాలా సమయం మిగులుతుంది. తప్పు ఎంత ఉందో కాదు, బోర్డు మీద అది ఎలా మారుతోందో చూడండి. ఎక్కడ నొక్కినా ఒకే దూరం, ఒకే వైపు తప్పుతుంటే మార్జిన్ తీసివేయడం మర్చిపోయినట్టు. లేదా బోర్డుని వేరే సర్ఫేస్ (పైగేమ్‌లో బొమ్మ గీసే పలక) మీద గీసి, ఆ సర్ఫేస్ విండోలో ఎక్కడ మొదలైందో లెక్కలోకి తీసుకోనట్టు. సర్ఫేస్‌ని "గెట్_రెక్ట్" అడిగితే మూల ఎప్పుడూ సున్నా, సున్నా అనే చెప్తుంది. దాన్ని మీరు ఎక్కడ అతికించారో దానికి తెలియదు. ఎడమ పై మూలలో సరిగ్గా ఉండి, కుడి కింది మూలకి పోయేకొద్దీ తప్పు పెరుగుతుంటే అది స్కేలింగ్, అంటే బొమ్మను పెంచి చూపడం, వల్ల వచ్చినది. పైన నొక్కితే పక్కన, పక్కన నొక్కితే పైన పడుతుంటే ఎక్స్, వై తారుమారయ్యాయి. ఈవెంట్‌లో ముందు అడ్డం, తర్వాత నిలువు వస్తుంది. మనం లిస్టులో ముందు వరస, తర్వాత నిలువు గడి రాసుకుంటాం. చదరంగం రాసేవాళ్లకి ఇది నిత్యం జరిగేదే.

మీది స్కేలింగే. ఎడమ పై వైపు తక్కువ తప్పుతోందని, కుడి కింది వైపు బాగా పక్కకి పోతోందని మీరే రాశారు. బోర్డుని 800, 600 కొలతల సర్ఫేస్ మీద గీసి, దాన్ని విండో సైజుకి పెంచి చూపిస్తున్నారు. విండో 1200, 900 అయితే ప్రతిదీ ఒకటిన్నర రెట్లు. తెర మీద (720, 810) దగ్గర కనిపిస్తున్న బిందువు మీ లిస్టులో (480, 540). క్లిక్ మాత్రం 720, 810 అనే చెప్తుంది. పోల్చేముందు రెండిటినీ 1.5తో భాగించండి. విండో నిష్పత్తి వేరై పక్కన నల్ల పట్టీలు వస్తుంటే ముందు పట్టీ వెడల్పు తీసివేసి ఆ తర్వాత భాగించాలి. ఈ వరస తప్పితే లెక్క తప్పుతుంది. పైగేమ్ 2లో స్కేల్డ్ అనే ఫ్లాగ్‌తో విండో తెరిస్తే ఈ మార్పు అదే చేసి పెడుతుంది. అప్పుడు మీరు మళ్లీ భాగించకూడదు. ఏదో ఒక పద్ధతి ఎంచుకోండి, రెండూ కలపకండి.

స్కేలింగ్ సరిచేశాక కూడా పై వరసలో ఒక చిన్న తప్పు మిగులుతుంది. మీరు దాన్ని గమనించినట్టు లేదు. ప్రతి బిందువు చుట్టూ 80 పిక్సెళ్ల చదరం పెట్టి, లిస్టు మొదటి నుంచి వెతికి, ముందు తగిలిన చదరాన్ని తీసుకుంటున్నారు. గడుల బోర్డుకి అది నడుస్తుంది. పులి-మేక బోర్డు గడులది కాదు. శిఖరం నుంచి నాలుగు గీతలు విచ్చుకుంటూ దిగుతాయి, కాబట్టి కింద దూరంగా ఉండే బిందువులు పైన దగ్గరదగ్గరగా ఉంటాయి. మీ కొలతల్లో కింది వరసలో పక్కపక్క బిందువుల మధ్య 160 పిక్సెళ్లు. శిఖరం కింది వరసలో, సరిగ్గా మీరు రెండు పులుల్ని పెట్టిన చోట, 3వ బిందువు 373 దగ్గర, 4వది 427 దగ్గర. మధ్య దూరం 54 మాత్రమే. 80 పిక్సెళ్ల చదరాలు అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. 4వ పులి ఎడమ అంచు మీద, 405 దగ్గర నొక్కి చూడండి. అది 4కి 22 దూరం, 3కి 32 దూరం. 4వదే దగ్గర. కానీ 3వ చదరం 413 వరకు పరుచుకుని ఉంది, లిస్టులో ముందుంది, అందుకని 3వ పులి ఎంపికవుతుంది. ఆడేవాళ్లు తమ చేయి జారిందేమో అనుకుంటారు.

చదరాలు తీసేయండి. 23 బిందువులకీ దూరం లెక్కగట్టి, అన్నిటికంటే దగ్గరున్నదాన్ని తీసుకోండి. ఆ దూరం 24 పిక్సెళ్లు మించితే ఏదీ కాదని చెప్పండి. వర్గమూలం కూడా అక్కర్లేదు. దూరాల వర్గాలనే పోల్చి, 576తో సరిచూస్తే చాలు. 24 ఎందుకంటే అతి దగ్గరి బిందువుల మధ్య దూరంలో సగం 27, దానికి కాస్త లోపల ఉండాలి. 23 లెక్కలు కంప్యూటర్‌కి లెక్కే కాదు, వేగం గురించి ఆలోచించకండి.

ఇది చదివే మిగతావాళ్లలో గడుల బోర్డు రాసేవాళ్లకి ఒక మాట. మార్జిన్ తీసివేసి గడి వెడల్పుతో పూర్ణాంక భాగహారం చేస్తారు కదా. బోర్డుకి ఎడమవైపు మార్జిన్‌లో నొక్కితే జవాబు మైనస్ 1 వస్తుంది. పైథాన్ లిస్టులో మైనస్ 1 అంటే ఎర్రర్ కాదు, చివరి మూలకం. బోర్డు బయట నొక్కితే అవతలి కొస కాయ కదలడం వెనక ఉన్నది ఇదే. చదరంగంలా వరసకి ఎనిమిది గడులుంటే, గడి నంబర్ సున్నా నుంచి 7 మధ్య ఉందో లేదో తప్పక చూడండి. అలాగే ఒక గడిలో పెట్టిన కాయ ఆ నిలువు మొత్తం కనిపిస్తే మౌస్‌ని అనుమానించకండి. ఒకే వరస లిస్టుని ఎనిమిదితో గుణించి బోర్డు తయారుచేసి ఉంటారు, ఎనిమిది వరసలూ ఒకే లిస్టుని చూస్తున్నాయి.

మళ్లీ మీ ఆటకి వస్తాను. బటన్ నంబర్ చూడట్లేదు మీరు. ఎడమ బటన్ 1, కుడిది 3. చక్రం తిప్పినా మౌస్‌బటన్‌డౌన్ 4 లేదా 5గా వస్తుంది, పైగేమ్ 2లో కూడా. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లు జరిపితే మేక పడిందని మీ స్నేహితుడు చెప్పినది నిజమే. బటన్ 1 కాకపోతే వదిలేయండి.

క్లిక్ సరిగ్గా వచ్చి, బిందువు సరిగ్గా తేలి, అయినా పులి కదలకపోతే బోర్డు గీతల డిక్షనరీని చూడండి. 23 బిందువుల పొరుగులన్నీ చేత్తో రాశారు. అందులో 9 నుంచి 15కి దారి ఉంది, 15 నుంచి 9కి లేదు. పులి ఆ గీత మీద దిగుతుంది, తిరిగి ఎక్కలేదు. ఆడేవాళ్లకి అది కూడా "క్లిక్ పనిచేయట్లేదు" లాగే కనిపిస్తుంది. ఆట మొదలయ్యేటప్పుడు ప్రతి జతకీ ఎదురు జత ఉందో లేదో చూసే చిన్న లూప్ రాయండి, లేకపోతే ఆట అక్కడే ఆగిపోవాలి. ఎత్తు చెల్లనప్పుడు ఫంక్షన్ ఊరికే ఫాల్స్ ఇవ్వకుండా కారణం కూడా ఇస్తే బాగుంటుంది: పొరుగు కాదు, చోటు ఖాళీగా లేదు, దూకడానికి మధ్యలో మేక లేదు. తెర కింద ఆ మాట చూపించండి. మీకు డీబగ్గింగ్ తేలికవుతుంది, ఆట కొత్తగా నేర్చుకునే పిల్లలకి నియమం తెలుస్తుంది. గుడి మండపాల రాతి నేల మీద ఈ గీతలు చూసినవాళ్లు చాలామందే ఉంటారు, ఆడటం తెలిసినవాళ్లు తక్కువైపోయారు. మీ ఆటలో ఆ ఒక్క వరస వాళ్లకి చాలా ఉపయోగపడుతుంది.

పులుల్ని కంప్యూటర్ ఆడే మోడ్ గురించి చివర్లో అడిగారు. కంప్యూటర్ రెండు సెకన్లు ఆలోచిస్తుంటే మీ లూప్ ఆగిపోతుంది, కానీ క్లిక్‌లు ఆగవు. టెన్షన్‌తో నాలుగుసార్లు నొక్కితే ఆ నాలుగూ క్యూలో నిలబడి, పులి ఆడగానే వరసగా మీద పడతాయి. అడగని చోట మేక పడుతుంది. ఆలోచన ముగియగానే "ఈవెంట్.క్లియర్"తో మౌస్‌బటన్‌డౌన్ ఈవెంట్లను మాత్రమే తీసేయండి, క్విట్‌ని ముట్టుకోకండి. ఆలోచన ఇంకా పెరిగితే విండో స్పందించట్లేదని ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పడం మొదలుపెడుతుంది. అప్పుడు ఆ లెక్కను వేరే థ్రెడ్‌లోకి (లూప్‌తో పాటే పక్కన విడిగా నడిచే పనిలోకి) మార్చి, లూప్‌ని నడవనివ్వాలి. ఆ సమయంలో దశ "పులి ఆలోచన" అని ఉంచి, క్లిక్ వస్తే పట్టించుకోకుండా వదిలేయండి.

దశ అన్నాను కదా, మీ కోడ్‌లో అది లేదు. ఎంచిన పులి, మేక వంతు, పెట్టడం అయిందా, దూకాలా అని నాలుగు వేరియబుల్స్ ఉన్నాయి. వాటిలో కొన్ని కలయికలకి అర్థమే లేదు, అయినా మీ ఆట వాటిలోకి వెళ్తోంది. వాటి బదులు ఒకే వేరియబుల్ పెట్టండి: మేక పెట్టాలి, మేకను ఎంచాలి, మేక ఎక్కడికి, పులిని ఎంచాలి, పులి ఎక్కడికి, ఆట ముగిసింది. క్లిక్ ఫంక్షన్ ఒక్కటే ఉంటుంది, బిందువు నంబర్ తీసుకుంటుంది, దశను బట్టి ఒక పని చేసి కొత్త దశ పెడుతుంది. ఆ ఫంక్షన్‌లో పైగేమ్ ప్రస్తావనే రాకూడదు. అలా ఉంటే విండో తెరవకుండానే, 4 తర్వాత 10 నొక్కితే ఏమవుతుందో ఒక మామూలు టెస్ట్‌లో చూడొచ్చు. చోటు లెక్క కూడా కలిపి చూడాలంటే "ఈవెంట్.పోస్ట్"తో చోటు, బటన్ నంబర్ ఇచ్చి మీరే ఒక మౌస్‌బటన్‌డౌన్ పంపించండి. 405, 220 దగ్గర క్లిక్ పంపి 4 వచ్చిందో లేదో చూసే టెస్ట్ ఒకటి శాశ్వతంగా ఉంచుకోండి.

ఇంకొకటి, ఎఫ్1 నొక్కితే డీబగ్ తెర వచ్చేలా చేయండి. ప్రతి బిందువు చుట్టూ 24 పిక్సెళ్ల సన్నని వృత్తం, పక్కన దాని నంబర్, మూలలో మౌస్ చోటు రెండు కొలతల్లోనూ, ఇప్పుడు మౌస్ కింద ఏ బిందువు ఉందో, దశ ఏమిటో. స్కేలింగ్ తప్పయినా, వృత్తాలు ఎక్కడైనా కలిసిపోయినా నొక్కకుండానే కంటికి కనిపిస్తుంది.

సరిచేసే వరస కూడా ముఖ్యం. ముందు "ఈవెంట్.గెట్" ఒకేచోటికి తెచ్చి, ఆట నడిపి చూడండి. తర్వాత "గెట్_ప్రెస్డ్" తీసేసి, అదే సమయంలో ఎలిఫ్ కూడా పెట్టండి, ఆ రెండూ విడదీస్తే ఆట మరింత చెడినట్టు కనిపించి కంగారు పడతారు. ఆ తర్వాత స్కేలింగ్, దూరం లెక్క. దశల మార్పు అన్నిటికంటే చివర, ఒక పూట ఖాళీగా కూర్చున్నప్పుడు. ఇవన్నీ చేశాక కూడా ఎక్కడైనా తప్పితే కోడ్ మొత్తం పెట్టనక్కర్లేదు. తప్పిన ఆ ఒక్క క్లిక్‌కి వచ్చిన ప్రింట్ వరసలు, ఫ్రేమ్ నంబర్లతో సహా, విండో సైజు, స్కేల్డ్ ఫ్లాగ్ వాడారో లేదో రాయండి, చూసి చెప్తాను.